శిక్షణ విమానములో అప్రస్తుత ప్రసంగము

2023వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీ రాత్రి అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ఒక చిన్న శిక్షణ విమానము కూలిపోయెను. అందున్న ఇరువురును మరణించిరి. శిష్యునికి 18 ఏండ్లు, గురువునకు 22. ఒకడు కళాశాల మెట్లెక్కు వయస్సువాడు, రెండవవాడు దిగు వయస్సువాడు. బౌలింగ్ గ్రీన్ అను ఊరినుండి ఓవెన్స్‌బరో అను ఊరికి, సుమారు 110 కిలోమీటర్ల దూరము, చీకటిలో వారు తిరిగి వచ్చుచుండిరి. దారిలో ఉరుములు మెరుపులతో పెనుగాలివాన అడ్డమైనది. నేలమీది కంట్రోలరు తూర్పునకు మరలుమని దిశ చూపెను. కొలది సేపటికి మాటలు ఆగిపోయెను. వెదకబోయినవారికి విమాన శకలములు అడవిలో విస్తారముగ చెదరి కనిపించినవి.

ఇంతవరకు ఇది గాలివాన వలన కలిగిన ప్రమాదమే. వార్త దేశదేశములకు ప్రాకుటకు కారణము వేరు. ఆ సాయంకాలము గురువు తన సెల్‌ఫోనుతో శిష్యుని చిత్రించి, వాడు మందుడని, అట్టివాడు నిత్యము తనయొద్ద నేర్చుకొనవలసి వచ్చినచో ఇద్దరికిని పొసగదని ఎగతాళి మాటలు చేర్చి, స్నాప్‌చాట్ అను మాధ్యమమున పరిచితులకు పంపుచుండెను. వానిలో విమానము గాలిలో నుండగా తీసినదియు కలదు. ముంచుకొని వచ్చుచున్న తుపాను మేఘముల పటమునుగూడ అతడు ఒక చమత్కారపు మాట తగిలించి పంపినాడు.

ఫోనే విమానమును కూల్చినదని తీర్పు చెప్పుట తొందరపాటగును. కూల్చినది గాలివాన; దానికి ఎదురుగ చీకటిలో చిన్న విమానమును నడిపించిన నిర్ణయము. మృతులు ప్రత్యుత్తర మీయలేరు గనుక వారినిగూర్చి మాట అదుపులో నుంచుకొనుట ఉచితము. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. మేఘముల పటము ఆ యువకుని చేతిలోనే యుండెను. దానిని పైలట్టు చూడవలసిన చూపుతో చూచెనా, నలుగురికి చూపదగిన వింతగా చూచెనా? కన్ను ఒకటే, పటము ఒకటే. మనస్సు నిలిచిన తావు వేరైనచో ఆ పటమునకు అర్థమే మారిపోవును.

మనస్సు చెదరుటయే ప్రమాదమునకు తోడ్పడినదని విచారణలో స్పష్టముగ తేలిన సందర్భము అంతకు తొమ్మిదేండ్లకు పూర్వమొకటి యున్నది. 2014 మే 31వ తేదీ అర్ధరాత్రి దాటినపిమ్మట కొలరాడో రాష్ట్రమున వాట్కిన్స్ సమీపమున సెస్నా 150 రకపు విమానమొకటి పొలములో కూలెను. ఈ సెస్నా 150 శిక్షణకు పేరుపడిన విమానము. ఆసనములు రెండే; అవియు ప్రక్కప్రక్కనే. 23,000కు పైగా ఇట్టివి తయారైనవి. దేశదేశముల పైలట్లు ఎందరో దీనిలోనే ఓనమాలు దిద్దుకొనిరి. ఆ రాత్రి దీనిలో నున్నవారు పైలట్టును, అతనితో విహారమునకు వచ్చిన ప్రయాణికుడును. ఇరువురును మరణించిరి.

శకలములయొద్ద ఒక చిన్న కెమెరా దొరకెను. కూలిన ప్రయాణము దానిలో లేదు గాని, దానికి ముందు చేసిన చిన్న విహారములు ఉన్నవి. ఆ చిత్రములలో పైలట్టును, అతని ప్రయాణికులును ఫోనులతో తమ ముఖములను తామే ఫోటో తీసికొనుచున్నారు. ఆ రాత్రి కూలుటకు ముందు చేసిన విహారమున విమానము నేలవిడిచి పైకెక్కుచున్న సమయముననే పైలట్టు ఫోను తీసెను. దాని మెరుపు కాంతి కాక్‌పిట్టునంతటిని నింపెను. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ సాక్ష్యమును, ఆ రాత్రి తక్కువ ఎత్తున క్రమ్ముకొన్న మబ్బును, రాత్రివేళ ప్రయాణికులను ఎక్కించుకొనుటకు కావలసిన ఇటీవలి అభ్యాసము అతనికి లేకపోవుటను పరిశీలించినది. మబ్బులో దిక్కు తోచక అదుపు తప్పుట, దానివలన విమానము ‘స్టాల్’ అగుట కారణమనియు, తక్కువ ఎత్తున ఫోను వాడి మనస్సు చెదరుట తోడ్పడిన కారణమనియు నిర్ణయించెను. కారణమునకు, తోడ్పడిన కారణమునకు మండలి పాటించిన ఈ తారతమ్యము గమనింపదగినది. పత్రికల శీర్షికలలో ఇది సాధారణముగ ఎగిరిపోవును.

‘స్టాల్’ అనగా ఇంజను ఆగిపోవుట యని పలువురు భ్రమపడుదురు. ఇంజను చక్కగా తిరుగుచుండగనే స్టాల్ కలుగవచ్చును. రెక్క గాలికి ఎదురుగ కొంత కోణమున వంగియుండుటచేతనే విమానమును ఎత్తి పట్టు శక్తి పుట్టుచున్నది. ఆ కోణము పెరిగినకొలది శక్తియు పెరుగును. కాని ఒక హద్దు దాటినతోడనే రెక్కపై గాలి అంటి ప్రవహించుట మాని విడివడిపోవును, శక్తి కుప్పకూలును. ఆ హద్దు చిన్న విమానములలో 15 మొదలు 18 డిగ్రీల ప్రాంతమున నుండును. విమానము నిటారుగ మలుపు తిరుగునప్పుడు ప్రమాదము మరింత దగ్గరగును. 60 డిగ్రీలు ప్రక్కకు ఒరిగి ఎత్తు తగ్గక తిరుగు విమానమున రెక్కలపై భారము రెట్టింపగును. సమముగ ఎగురునప్పటికంటె దాదాపు 40 శాతము అధికమైన వేగమున్ననే అది స్టాల్ కాకుండును. ఎత్తున ఉన్నచో ముక్కు దించి వేగము తెచ్చుకొని తేరుకొనుట సులభము. శిక్షణలో మొదటి వారములలోనే నేర్పు పాఠమది. నేల దగ్గర ఆ పాఠము వచ్చినను, దానిని ప్రయోగించుటకు చోటుండదు.

రాత్రివేళ మరియొక చిక్కు కలదు. చీకటికి అలవాటుపడుటకు కంటికి అరగంట పట్టును. ఒక్క మెరుపు కాంతితో ఆ అలవాటు చెడును. దిగంతరేఖ కానరానప్పుడు మనుష్యుడు చెవిలోపలి ద్రవము చెప్పు సాక్ష్యమును నమ్ముకొనును. ఆ సాక్షి నమ్మదగినవాడు కాడు. విమానము మెల్లగా ప్రక్కకు ఒరిగి తిరుగుచున్నను సమముగనే పోవుచున్నానని అతనిచేత అనిపించును. ఇట్టి సమయమున పరికరముల పలకమీదినుండి చూపు మరలుటకు, మరల వచ్చుటకు నడుమ గడచు అయిదారు క్షణములు సామాన్యమైనవి కావు. చూపు తిరిగి వచ్చినను మనస్సు వెంటనే రాదు. ఒక పనినుండి మరియొక పనికి పోయి వచ్చు ప్రతి పర్యాయము అది దారిబత్తెము చెల్లించుకొనవలసినదే.

ఫోనును, యౌవనమును నిందించి ఊరకుండుట తేలిక. కాని మనస్సును అపహరించునది ఎల్లప్పుడును వినోదమే యని యెంచరాదు. ఈ విషయమున వైమానిక చరిత్రలో చెప్పుకొనదగిన దృష్టాంతము పెద్ద విమానమునకు సంబంధించినది. 1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి న్యూయార్కునుండి మయామీ చేరిన ఈస్టర్న్ సంస్థవారి 401వ నంబరు విమానము దిగబోవుచుండగా, ముందు చక్రములు సరిగా దిగినవని తెలుపు చిన్న దీపము వెలుగలేదు. విమానమును 2,000 అడుగుల ఎత్తున నిలిపి, పడమటి చిత్తడినేలలమీదుగ త్రిప్పుచు, దీపము సంగతి చూడసాగిరి. కాక్‌పిట్టున ముగ్గురు అనుభవజ్ఞులు, తోడుగా ఒక మరమ్మతు నిపుణుడు. దీపపు అమరిక ఊడదీయగా మరల అమరక ఇరుక్కొనెను. చక్రములను కంటితో చూచి వచ్చుటకు ఇంజనీరు క్రింది అరలోనికి దిగెను. ఈ సందడిలో ఎత్తును నిలిపి యుంచు స్వయంచాలక యంత్రపు పట్టు విడిపోయెను. నడుపు చక్రమునకు ఎవరి చేయో మేనో ఒత్తుకొనుటచే అట్లు జరిగియుండునని ఊహ. విమానము మెల్లగా, ఎవరికిని తెలియనంత మెల్లగా, దిగుచుండెను. 250 అడుగులు దిగినప్పుడు హెచ్చరిక గంట మ్రోగినది, వినువారు లేరు. విమానములోని 176 మందిలో 101 మంది మరణించిరి. పిదప చూడగా చక్రములు సరిగానే దిగియుండెను. మాడిపోయినవి దీపపు బల్బులు మాత్రమే.

ఈ నలుగురిలో ఒక్కడును అశ్రద్ధ వహించినవాడు కాడు. అందరును శ్రద్ధగనే పనిచేయుచుండిరి, ఒకే పనిమీద. విమానమును నడుపు పని ఎవరిదని అప్పుడు ఎవరైన అడిగియున్నచో నలుగురును ఒకరినొకరు చూపియుందురేమో. విచారణ మండలి తన నివేదికలో కడపటి నాలుగు నిమిషములును పరికరములను కనిపెట్టియుండకపోవుటనే కారణముగ చెప్పెను.

రెండేండ్లు గడవకమునుపే, 1974 సెప్టెంబరు 11వ తేదీన, షార్లట్ నగరమున పొగమంచులో దిగబోయిన ఈస్టర్న్ సంస్థవారి 212వ నంబరు విమానము కూలి 82 మందిలో 72 మంది మరణించిరి. పైలట్లు దిగు సమయమున రాజకీయములు, పాతకార్లు మున్నగు లోకాభిరామాయణములో నుండిరని కాక్‌పిట్టు సంభాషణ పట్టీ తెలిపెను. ఇట్టివాని ఫలితముగ 1981లో ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ ఒక నియమము చేసినది. 10,000 అడుగుల లోపున, ఎగురునప్పుడును దిగునప్పుడును, విమానము నడుపుటకు అవసరముగాని మాట గాని పని గాని కాక్‌పిట్టులో ఉండరాదు. దీనికి ‘స్టెరైల్ కాక్‌పిట్’ నియమమని పేరు. శస్త్రచికిత్స గదిలోనికి సూక్ష్మక్రిములకు ప్రవేశము లేనట్లే, ఈ గదిలోనికి పనికిమాలిన మాటకు ప్రవేశము లేదని భావము. 2009 అక్టోబరు 21వ తేదీన నార్త్‌వెస్ట్ సంస్థవారి పైలట్లు తమ కంప్యూటర్లలో తలమునకలై మినియాపొలిస్ నగరమును సుమారు 150 మైళ్లు దాటిపోయిరి. అటుపిమ్మట 2014లో సొంత ఫోనులను, కంప్యూటర్లను కాక్‌పిట్టులో స్వంతపనికి వాడరాదనియు నియమమైనది. ఆ నియమము అమలులోనికి వచ్చిన కొలది వారములకే వాట్కిన్స్ ప్రమాదము జరిగినది.

అయితే ఈ నియమములు కట్టుబెట్టునది టిక్కెట్టు అమ్మి జనమును చేరవేయు సంస్థల పైలట్లను. ఇద్దరు కూర్చుండు శిక్షణ విమానమునకు అవి శాసనముగ వర్తింపవు. అందుండు శాసనము గురువే. మూడు వందల మందిని మోయు విమానమున నలువది ఏండ్ల అనుభవజ్ఞుని నోటిని నియమము మూయుచున్నది. 18 ఏండ్ల బాలుడు నేర్చుకొను విమానమున 22 ఏండ్ల యువకుని వివేకమునకు విడిచినది. ఇది తలక్రిందులైన వ్యవస్థ యనిపించుట సహజము. కాని శిక్షణ విమానములో మాటను పూర్తిగ నిషేధించుట సాధ్యమైన పనియు గాదు. మాటాడకయే పాఠము చెప్పుట ఎట్లు?

అంతేకాదు. మనస్సు చెదరగొట్టుట గురువు విధులలో ఒకటియై యున్నది. స్టాల్ గూర్చి శిక్షకులకు ఆ అమెరికా సంస్థయే ఇచ్చిన సలహా పత్రమున ఈ సంగతి కలదు. విద్యార్థి విమానమును మందవేగమున జాగ్రత్తగ నడుపుచుండగా గురువు పెన్సిలు క్రింద జారవిడిచి, తీసి ఇమ్మనవలెను. లేక వెనుక సీటులోని వస్తువు అందుకొమ్మనవలెను. పటము చూచి ఫలానా ఊరికి దిశ ఎంతో చెప్పుమనవలెను. బయటి ఉష్ణోగ్రత చదువుమనవలెను. పెన్సిలు కొరకు వంగిన తల లేచునప్పటికి విమానపు ముక్కు ఎంత పైకి లేచినదో, వేగమెంత పడిపోయినదో విద్యార్థి తన కంటితో చూచుకొనును. మాటలతో వేయిసార్లు చెప్పిన జాగ్రత్త ఒక్క పెన్సిలుతో తెలియును.

తెలుగువారికి ఈ విద్య క్రొత్త కాదు. అష్టావధాన సభలో ఎనమండుగురు పృచ్ఛకులుందురు. ఒకడు సమస్య నిచ్చును, ఒకడు దత్తపదులిచ్చును, ఒకడు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టును, వేరొకచోట గంట మ్రోగుచుండును. వీరి నడుమ అప్రస్తుత ప్రసంగి యొకడు కూర్చుండి, అవధాని పద్యపాదము అందుకొనుచున్న క్షణముననే, వంకాయ కూరలో ఉప్పెంత వేయవలెనను ప్రశ్న వేయును. అతని పని అంతయు ఆ ధ్యానమును చెరచుటయే. ఆ పనికే అతనిని సభవారు గౌరవముగ పిలిపించియుందురు. తిరుపతి వేంకట కవుల కాలమునుండి ఈ క్రీడను చూచి ఆనందించినవారు, అవధాని ఏకకాలమున ఎనిమిది పనులు చేయుచున్నాడని మెచ్చుకొందురు. నిజమునకు అవధాని చేయునది ఒక్కొక్కటిగనే. ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్క పాదము చెప్పి, విడిచిన తావు మరువక మరల అచ్చటికే వచ్చును. అప్రస్తుత ప్రసంగికి ఛలోక్తితో బదులిచ్చి నవ్వించినను, ఆ నవ్వులో తాను మునుగడు. కడపట ధారణలో పద్యములన్నియు వరుసగా ఒప్పగించును.

పెన్సిలు జారవిడుచు గురువు ఆ అప్రస్తుత ప్రసంగియే. విద్యార్థి నేర్చుకొనవలసినది కూడ ఆ తిరిగివచ్చు విద్యయే. విమానమునందు దానికి వరుస యేర్పరచినారు: మొదట విమానమును నడుపుట, పిదప దారి చూచుకొనుట, ఆ పిదపనే ఇతరులతో మాటాడుట. అవధానికి లేని సౌకర్యమొకటి విద్యార్థి పైలట్టునకు కలదు. పృచ్ఛకుని ప్రశ్నను అవధాని త్రోసిపుచ్చరాదు. విద్యార్థి మాత్రము, “కొంచెము ఆగుడు, విమానము నిలకడకు వచ్చిన తరువాత తీసి ఇత్తును” అనవచ్చును. అట్లనుటయే ఆ పరీక్షలో ఉత్తమమైన సమాధానము.

ఇక్కడనే గురువు తన పాత్రను మరచు అపాయమున్నది. పెన్సిలు జారవిడుచు గురువు తాను మాత్రము వేగమును, ఎత్తును, ఆకాశమును ఏమరక చూచుచుండును. శిష్యుని మనస్సు చెదరినంతసేపును అతని మనస్సు కుదురుగ నుండును గనుకనే ఆ ఆట క్షేమము. గురువు మనస్సే ఫోనులోనికి జారిపోయినచో విమానములో అవధాని యెవడు? నిన్న మొన్న నేర్వ నారంభించిన శిష్యుడే. ఈ సందిగ్ధమును తొలగించుటకే శిక్షణలో మూడు మాటల మార్పిడి నియమము పెట్టిరి. “విమానము నీ అధీనము” అని గురువు అనవలెను; “నా అధీనము” అని శిష్యుడు బదులు చెప్పవలెను; “నీ అధీనమే” అని గురువు మరల రూఢిపరచవలెను. వినువారికి ఇది బాలుర ఆటవలె తోచును. 401వ నంబరు విమానములో ఇట్టి మాట యొకటి ఎవరైన పలికియున్నచో దీపము సంగతి ముగ్గురు చూచుచున్నను నాలుగవవాడు ఎత్తు చూచుచుండెడివాడు.

శిష్యుని నోరు మూతపడుట మరియొక అపాయము. 1978 డిసెంబరు 28వ తేదీన పోర్ట్‌లండ్ నగరముపై యునైటెడ్ సంస్థవారి 173వ నంబరు విమానము చక్రముల చిక్కు చూచుకొనుచు చుట్లు తిరిగి తిరిగి, ఇంధనమైపోయి కూలెను. పదిమంది మరణించిరి. ఇంధనము తరుగుచున్నదని ఇంజనీరునకు తెలియును. సూచనగ చెప్పెను గాని కెప్టెనును కుదిపి చెప్పలేదు. క్రిందివాడు పైవానికి నిర్భయముగ చెప్పుటయు, పైవాడు వినుటయు పాఠముగ నేర్పవలెనని వైమానిక సంస్థలు గుర్తించినది ఆ పిమ్మటనే. కాకలుతీరిన ఇంజనీరుకే నోరాడనిచోట, తనను మందుడని నవ్వు గురువుతో, “మేఘములు దగ్గరగుచున్నవి, వెనుకకు పోదము” అని పదునెనిమిదేండ్ల బాలుడెట్లు అనగలడు? ఎగతాళికి లోనైన విద్యార్థి మొట్టమొదట మానునది ప్రశ్న అడుగుట. తరగతి గదిలో దానివలన ఒక లెక్క తప్పును, ఒక ఏడు పోవును. ఉపాధ్యాయులకు ఈ సంగతి వివరింప బనిలేదు.

హైదరాబాదు సమీపమున దుండిగల్లు ఆకాశమున ప్రతి ఉదయము శిక్షణ విమానములు ఎగురుచున్నవి. తెలుగు కుటుంబములనుండి పైలట్టు విద్యకై అమెరికా మొదలైన దేశములకు పోవు పిల్లలును కలరు. ఆ దేశపు నియమము ననుసరించి, ప్రైవేటు పైలట్టు లైసెన్సు కోరు విద్యార్థి రాత్రివేళ గురువుతో కనీసము మూడు గంటలు ఎగురవలెను. అందులో మొత్తము 100 నాటికల్ మైళ్లకు మించిన ఊరు దాటు ప్రయాణము ఒకటి యుండవలెను. ఓవెన్స్‌బరోనుండి బౌలింగ్ గ్రీన్ పోయి వచ్చినచో ఆ దూరము సరిపోవును. ఇట్టి ప్రయాణము ముగిసినప్పుడు విద్యార్థి లెక్క పుస్తకములో తేదీ, ఊళ్లపేర్లు, గంటలు వ్రాయుదురు. దానికి ఎదుట, ఈ కాలమంతయు ఈ విద్యార్థికి పాఠము చెప్పితినని గురువు సంతకము చేయవలెను.